ఎండల్లో చేసిన టేకు పెట్టె వానల్లో ఎందుకు విచ్చుకుంది: ఒక కేస్ స్టడీ

నెల్లూరు జిల్లాలో నాది వడ్రంగం షెడ్డు. తలుపులు, కిటికీలు, మంచాలు మా బతుకుతెరువు. ఆదివారాలు మాత్రం సరదాగా పని నేర్చుకోవాలని వచ్చేవాళ్లకు షెడ్డులో చోటిస్తాను. వాళ్లలో ఎక్కువమంది మొదట చేస్తామనేది పెట్టె. నాలుగు పక్కలు, ఒక అడుగు, ఒక మూత, ఇంతే కదా అంటారు. స్టూలుకంటే పెట్టె కష్టమని చెబితే నమ్మరు. స్టూలు కాలు ఒకటి పొడవైతే కాస్త కోసి సరిపెట్టుకోవచ్చు. పెట్టెలో ఒక పలక తేడా వస్తే ఆ తేడా పక్క పలక మీదికి, అక్కడినుంచి మూత మీదికి పోతుంది.

ఈ కేసు రాయడానికి కారణం ఉంది. ఈ పెట్టె చేసినతని కోతలు బాగానే ఉన్నాయి. కొత్త చేతికి అంత నీటుగా రావడం అరుదు. అయినా పెట్టె పాడైంది. పాడైనందుకు అతను తన చేతినే తిట్టుకున్నాడు, మెషీన్ కొనడానికి కూడా సిద్ధపడ్డాడు. లోపం చూస్తే వేరే చోట ఉంది. అతని అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, పనిచేసే కంపెనీ వదిలేశాను.

నేపథ్యం

ముప్పై అయిదు దాటిన మనిషి. సముద్రం పక్క ఊళ్లలో రొయ్యల గుంటలు తిరిగి నీళ్లు పరీక్ష చేయడం అతని ఉద్యోగం. పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా చూసే గాజు సీసాలు రోజూ బండి మీద వెంట ఉండాలి. ప్లాస్టిక్ పెట్టె గొళ్లెం విరిగిపోయాక, ఈసారి చెక్కది తనే చేసుకుందామనుకున్నాడు. అత్తగారింట్లో పాత మిద్దె పడగొట్టినప్పుడు టేకు తలుపు రెక్క ఒకటి దొరికింది. రంపం, చిత్రిక, రెండు ఉలులు, మూల సరిగ్గా తొంభై డిగ్రీలుందో చూసే మూలమట్టం, టేపు కొనుక్కున్నాడు. ఫోన్లో వీడియోలు చూసి మే నెలలో పని మొదలుపెట్టాడు.

పలకల మందం అయిదు నూళ్లు. మా పనిలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పెట్టె లోపలి కొలత 14 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. మూలల్లో పలకకు పలక ఆనించి, ఫెవికాల్ పూసి, ఇనుప మేకులు కొట్టాడు. అడుక్కి పది అంగుళాల వెడల్పున్న ఒకే పలకను నాలుగు పక్కల మధ్యలోకి బిగుతుగా దించి, చుట్టూ జిగురు పెట్టి, మేకులు కొట్టాడు. మూత కూడా అలాంటి పలకే. పక్కల మధ్యలోకి సరిగ్గా దిగి కూర్చునేలా చేసి వెనక రెండు బందులు బిగించాడు. గాలి కూడా దూరదన్నంత బిగువు. ఆ బిగువు చూసి ఇంట్లోవాళ్లు మెచ్చుకున్నారట.

ఎండాకాలమంతా పెట్టె బాగానే ఉంది. మన వైపు అసలు వానలు అక్టోబరు దాటాకే కదా. ఈశాన్య రుతుపవనాలు వచ్చి, తుపాను ముసురు రెండు వారాలు వదలకుండా పట్టాక కథ మారింది. కార్తీక మాసంలో పెట్టెను గోతంలో చుట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు.

తెచ్చిన సమస్య

మూత పడడం లేదు. ఒక మూల గోరు దూరేంత విచ్చుకుంది. అడుగు పలక కాస్త పైకి ఉబ్బింది. మేకుల చుట్టూ నల్లటి మరకలు. బల్ల మీద పెడితే పెట్టె టకటకా ఊగుతోంది. మూత పట్టడం లేదని ఇంట్లోనే అంచులు చిత్రిక పట్టాడు. రెండు రోజులు సరిగ్గా పడి, మళ్లీ బిగుసుకుందట.

"నాకు చెయ్యి తిరగలేదన్నా. కోత వంకర పోతోంది. ఆ కోత మెషీన్ ఒకటి తీసుకుంటే సరిపోద్దేమో," అన్నాడు. ఫోన్లో మెషీన్ బొమ్మ కూడా చూపించాడు.

పనివాడు తనే కారణం చెప్పేస్తే మనం దాన్నే పట్టుకుని వెతుకుతాం. అందుకే అతని మాట కాసేపు పక్కనపెట్టి పెట్టెనే చూశాను.

పెట్టెలో ఏం కనిపించింది

ముందు చూసింది మూలల్లోని సందు ఆకారం. కోత వంకరైతే సందు చేసిన రోజునుంచీ ఉంటుంది. ఇక్కడ అలా లేదు. నాలుగు మూలల్లోనూ పైభాగం గట్టిగా అతుక్కునే ఉంది. కిందికి వచ్చేకొద్దీ సందు పెరిగింది. ఒక మూలలో ఎక్కువ, మిగతా మూడింట్లో దీపం పెట్టి చూస్తేగానీ కనపడనంత. అంటే అడుగు దగ్గర ఏదో లోపలినుంచి బయటికి తోస్తోంది. పొడవు పలకలు రెండూ అడుగుభాగంలో బయటికి వాలాయి. ఎక్కువ విచ్చుకున్న మూలలో మేకు అంచుకు మరీ దగ్గరగా కొట్టడం వల్ల చెక్క ముందే చీలి ఉంది. ఒత్తిడి అక్కడ బయటపడింది.

రెండోది అతని మూలమట్టం. నిటారు అంచున్న పలక మీద ఒక గీత గీయించాను, మట్టాన్ని తిరగేసి అదే చుక్క దగ్గర ఇంకో గీత గీయించాను. మట్టం నిజంగా మట్టమైతే రెండు గీతలూ ఒకటవ్వాలి. ఇవి కొసకు వచ్చేసరికి విడిపోయాయి. అలా విడిపోయిన దూరంలో సగం మట్టంలోని తప్పు. కొత్త మట్టమే, ప్యాకెట్లోంచి తీసిందే. పెట్టె ఊగడానికి కారణం ఇదే. అయితే మూల విచ్చుకోవడానికి ఇది కారణం కాదు. రెండు జబ్బులు ఒకేసారి ఉంటే ఒకదాని మందు రెండోదానికి వేసే ప్రమాదం ఉంటుంది. అందుకే వేరుగా రాసుకోమన్నాను.

మూడోది అతన్ని నమ్మించింది. చేసేటప్పుడు ప్రతి పలకనూ టేపు పెట్టి ఫోన్లో ఫొటో తీసుకునే అలవాటు అతనిది. మే నెల ఫొటోలో అడుగు పలక వెడల్పు సరిగ్గా 10 అంగుళాలు. ఇప్పుడు అదే టేపుతో అదే చోట కొలిస్తే పది మీద అర నూలుకు పైనే ఉంది. పొడవు మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

"టేకు కదలదంటారు కదన్నా?" అన్నాడు.

ఆ మాట మా వృత్తిలోవాళ్లు కూడా అంటారు. టేకు తక్కువ కదులుతుందన్నది నిజం. అసలు కదలదన్నది నిజం కాదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి కాండంలోని వలయాల వెంబడి 5.8 శాతం దాకా, కాండం మధ్యనుంచి బయటికి 2.5 శాతం దాకా కుదించుకుపోతుంది. పొడవునా మాత్రం లెక్కలోకి రానంత. తేమ సుమారు 28 శాతం కిందికి దిగాక ఈ కుదింపు మొదలవుతుంది. కాబట్టి తేమలో ఒక్క శాతం తేడాకు వెడల్పులో దాదాపు 0.2 శాతం తేడా వస్తుంది. వడగాలి కొట్టే మే నెలకూ ముసురు పట్టిన నవంబరుకూ మధ్య చెక్కలో తేమ నాలుగు శాతం పెరిగిందనుకుందాం. పది అంగుళాల పలక రెండు మిల్లీమీటర్లు ఉబ్బాలి. టేపులో కనపడింది కూడా దాదాపు అంతే. అడ్డకోత వైపు, అంటే నారకు అడ్డంగా కోసిన కొస వైపు చూస్తే వలయాలు పలక వెడల్పునా పడుకుని వంపు తిరిగి ఉన్నాయి. అలా కోసిన పలకకే ఎక్కువ కదలిక.

రెండు మిల్లీమీటర్లు ఎంతలే అనిపిస్తుంది. ఆ పలకకు నాలుగు వైపులా జిగురూ మేకులూ ఉన్నాయి. ఉబ్బడానికి చోటు లేదు. ఉబ్బే చెక్కను జిగురు ఆపలేదు. పాతకాలంలో బండరాళ్లను పగలగొట్టడానికి వరసగా బెజ్జాలు వేసి, ఎండిన కొయ్య దిగ్గొట్టి నీళ్లు పోసేవాళ్లని పెద్దాచార్లు చెప్పేవాళ్లు. ఆ కొయ్య చేసిన పనే ఈ అడుగు పలకా చేసింది.

మా జిల్లాలోనే ఉదయగిరి చెక్క చెంచాలు చూడండి. పలచటి గరిటెలు, ఫోర్కులు అంత తేలిగ్గా పగలవు. అక్కడ వస్తువంతా ఒకే ముక్క, దాని ఇష్టం వచ్చినట్టు అది కదులుతుంది. పెట్టె అయిదారు ముక్కలది. ఒక ముక్క పొడవు ఇంకో ముక్క వెడల్పుతో కట్టుబడి ఉంటుంది. ఒకటి కదులుతుంది, రెండోది కదలదు. పెట్టె చేయడంలో అసలు చిక్కు అక్కడే.

ముందు చేసినవి, పనికిరానివి

ఇంట్లో అతను మూత అంచులు చిత్రిక పట్టడం గురించి ముందు చెప్పాలి. ముసురులో ఉబ్బిన మూతను ఆ రోజు కొలతకు తగ్గిస్తే మే నెలలో చుట్టూ సందు కనిపిస్తుంది. ఇంటి తలుపు వానాకాలంలో బిగిస్తే మేస్త్రీని పిలిచి చెక్కించుకుని, ఎండాకాలంలో పురుగులు దూరుతున్నాయని బాధపడేవాళ్లు ఎందరో. తలుపు బిగిస్తే నేను ముందు అడిగేది ఏ నెలలో చేశారని.

రెండోది, విచ్చుకున్న మూలలో ఫెవికాల్ ఎక్కించి బిగించడం. ఇది అతను నా షెడ్డులోనే చేశాడు. నిలవదని నాకు తెలుసు. అయినా ఆపలేదు. కారణం ఏమిటంటే, అప్పటికి లెక్క విన్నాడేగానీ లోపల్లోపల ఇంకా జిగురు సరిగ్గా పెట్టలేదేమోననే అనుమానం ఉంది. ఆ అనుమానంతో కొత్త పెట్టె మొదలుపెడితే, అక్కడ కూడా జిగురు డబ్బా మీదే నమ్మకం పెట్టుకుంటాడు. సీసాకు సూది పెట్టి జిగురు ఎక్కించి, సైకిల్ ట్యూబు కోసిన పట్టీతో చుట్టూ లాగి బిగించాడు. మూల కలిసింది. తర్వాతి వారం పట్టీ విప్పిన కాసేపటికే టిక్కుమని మళ్లీ విచ్చుకుంది. ఎండిపోయిన ఫెవికాల్ మీద కొత్త ఫెవికాల్ పట్టదు. అడ్డకోత మొహం జిగురును తాగేస్తుంది, పైన పొర మిగలదు. ఇవి రెండూ బాగున్నా అడుగునుంచి తోసే పలక అలాగే ఉంది.

మూడోది ఎండ. మబ్బు విడిచాక డాబా మీద పెట్టాడట. మూత పట్టింది, సంతోషించాడు. అయితే ఎండ తగిలిన పైమొహం ముందు ఆరి, కిందిది ఆరక, మూత పలక దోనెలాగా వంగింది. మూల మాత్రం కలవలేదు. ఒకసారి వంగిన మేకు చెక్క తగ్గినంత మాత్రాన వెనక్కి రాదు.

ఆ నల్ల మరకలు ఇనుముకూ, తడికీ, చెక్కలోని రసానికీ కలిసి వచ్చేవి. గుంటల దగ్గరి ఉప్పుగాలిలో మామూలు మేకు ఎక్కువ కాలం ఆగదు. తుమ్మ చెక్కలో అయితే ఇంకా నల్లగా వస్తాయి.

మెషీన్ ఎందుకు వద్దన్నాను

కోత మెషీన్ తప్పని నేననను, నా షెడ్డులోనూ ఉంది. అది దానిలో పెట్టిన పలక అంచును నమ్మి కోస్తుంది. అంచు వంకరగా ఉంటే కోత కూడా ఆ వంకరకు మట్టంగా వస్తుంది. ఇతని పలకలకు నిటారు అంచు ఎప్పుడూ లేదు. తలుపు రెక్కలోంచి విప్పినవాటిని అలాగే వాడాడు. పైగా మట్టమే తప్పు. మెషీన్ కొని ఉంటే అదే పెట్టె ఇంకా వేగంగా తయారై, వానల్లో అదే మూలలో విచ్చుకునేది. డబ్బు పోవడం ఒక నష్టం. తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలియకపోవడం అంతకంటే పెద్ద నష్టం.

చేతి రంపంతో అతను కోసిన కోత మీద మట్టం పెట్టి చూశాను. గీత వెంబడే వచ్చింది. గీతే తప్పు. "నీ చెయ్యి బాగుందబ్బయ్యా, నువ్వు గీసిన గీత బాలేదు" అంటే కాసేపు నమ్మలేదు.

పనిచేసిన వరస

పాత పెట్టెను విప్పేశాం. ముందు అయస్కాంతం ఒకటి ప్రతి పలక మీదా తిప్పించాను. తలుపు చెక్కలో తల తెగిన పాత మేకులు లోపల దాగి ఉంటాయి. ఒక్కటి తగిలితే చిత్రిక బ్లేడు పోయినట్టే. మూలల దగ్గర చీలిన కొసలు కోసేశాక పెట్టె కొంచెం చిన్నదైంది, లోపలి వెడల్పు తొమ్మిది అంగుళాలు. సీసాలకు అది చాలు.

చదును చూడడానికి నా దగ్గర చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేస్టు ముక్క ఉంది. మెషీన్ పాలిష్ పట్టిన నల్లరాయి కాబట్టి అంతకంటే చదునైన మొహం మా షెడ్డులో ఇంకోటి లేదు. పలకను దాని మీద పెట్టి నాలుగు మూలలూ వేలితో తడితే చాలు. మెలి ఉంటే ఎదురెదురు మూలల్లో టకటకమంటుంది. ప్రతి పలకకూ ముందు ఒక మొహం చదును, తర్వాత ఆ మొహానికి మట్టంగా ఒక అంచు. ఆ రెండింటి మీద పెన్సిల్ గుర్తు. ఆ తర్వాత పెట్టే ప్రతి గీతా ఆ గుర్తున్న వైపునుంచే. కొత్తవాళ్లకు ఈ దశ నచ్చదు, ఎందుకంటే సాయంత్రానికి చూపించుకోవడానికి ఏమీ ఉండదు. ఇతనికీ నచ్చలేదు. అయినా దీన్ని దాటనివ్వలేదు.

కొలతలు తగ్గించడం తర్వాతి నిర్ణయం. మొదటి పెట్టెకు నాలుగు పక్కలనూ విడివిడిగా టేపుతో కొలిచాడు. టేపు కొక్కెం కొంచెం ఊగుతుంది. అది లోపం కాదు, లోపలి కొలతకూ బయటి కొలతకూ కొక్కెం మందం సర్దుకోవడానికి అలా చేస్తారు. దాన్ని ఒకసారి లాగి, ఒకసారి నొక్కి కొలిస్తే తేడా వస్తుంది. పైగా పెన్సిల్ గీతకు కూడా మందం ఉంది, దానికి ఏ పక్కన కోయాలో ప్రతిసారీ ఒకేలా ఉండదు. పెట్టెకు ఎదురెదురు పలకలు సమానంగా ఉండడం ముఖ్యం, పన్నెండు అంగుళాలా పన్నెండుంబావా అన్నది ముఖ్యం కాదు. అందుకని ఒకదాన్ని కోసి, దాని జత పలకను దానికే ఆనించి, కత్తి మొనతో గీత పెట్టించాను. తర్వాత రెండింటినీ కలిపి అతికించే టేపు చుట్టి, కొసలను కలిపే చిత్రిక పట్టించాను. తేడా ఉన్నా రెండింట్లోనూ ఒకే తేడా ఉంటుంది, అది పెట్టెను వంకర చేయదు.

మూలలకు ఏ అతుకు వేయాలన్న దగ్గర ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. అతనికి డవ్‌టెయిల్ మీద మోజు, అంటే పావురం తోక ఆకారపు పళ్లు ఒకదానిలో ఒకటి దిగే అతుకు. వీడియోల్లో అవి చూసే వచ్చాడు. నేను ఒప్పుకోలేదు. ఆ అతుకు నేర్చుకోవాల్సిందే, కానీ పెట్టె ఎందుకు విచ్చుకుంటుందో నేర్చుకునే పెట్టెలో కాదు. నలభై అయిదు డిగ్రీల మూల అందంగా ఉంటుంది, అయితే ఎనిమిది కోతల్లో ఏ ఒక్కటి తప్పినా సందు బయటికే కనపడుతుంది, జిగురు పట్టేది కూడా అడ్డకోతకే. ఉత్త ఆనింపు మూల పాతదే. చివరికి మెట్టు అతుకు తీసుకున్నాం. పొడవు పలకల కొసల్లో లోపలివైపు మూడు నూళ్లు తీసేసి రెండు నూళ్ల పెదవి ఉంచి, పొట్టి పలక ఆ మెట్టులో కూర్చునేలా. దీని సుఖం ఏమిటంటే బిగించేటప్పుడు పలక జారిపోదు, తన చోటు తనే వెతుక్కుంటుంది. రెండు చేతులే ఉన్న కొత్తవాడికి అది పెద్ద సాయం. మొదటి మెట్టు తీసేటప్పుడు ఉలి నార వెంబడి లోపలికి దిగి పెదవి కాస్త ఊడింది. ముందు రంపంతో గీత లోతు కోసి, ఉలిని ఆ కోత వైపే నడిపించమన్నాక మిగతావి కుదిరాయి.

మేకుల బదులు వెదురు చీలలు. మూడు మిల్లీమీటర్ల బెజ్జం వేసి, ఒకటి ఇటు ఒకటి అటు కొంచెం ఏటవాలుగా దింపించాను. మెట్టు అతుకులో కూడా జిగురు ఎక్కువగా అడ్డకోతనే పట్టుకోవాలి కాబట్టి పట్టు చీలలనుంచే రావాలి. ఏటవాలు చీలలుంటే పలక నేరుగా బయటికి రాలేదు. వెదురుకు తుప్పు లేదు. ఇంకో కారణం కూడా ఉంది, అది మూత దగ్గర చెబుతాను.

ఇక అడుగు. ఇక్కడ అతనికి మనసొప్పలేదు. మొత్తం టేకే ఉండాలన్నాడు. నేను ఆరు మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ వేయమన్నాను, ఐఎస్ 710 ముద్ర ఉన్నది. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి ఏ వైపూ పెద్దగా కదలదు. కదలనిదాన్ని నాలుగు వైపులా జిగురుతో అతికించొచ్చు. అలా అతికిస్తే అడుగే పెట్టెను మట్టంగా పట్టి ఉంచుతుంది. రసాయనాలు ఒలికే పెట్టెకు అడుగున టేకు ఎవరికి కనపడుతుందని అడిగాను. పక్కల లోపల కింద సన్నటి టేకు బద్దలు అతికించి, వాటి మీద ప్లైవుడ్ పరిచాం. బద్ద నార పక్క పలక నార దిశలోనే ఉండాలి, అప్పుడు రెండూ కలిసే కదులుతాయి. బద్దలు అడుగుకు కింద ఉన్నాయి కాబట్టి సీసాల బరువు జిగురును లాగదు, నొక్కుతుంది.

అతని టేకు కోరిక మూతలో తీర్చాం. మూడు నూళ్లకు పల్చన చేసిన తొమ్మిది అంగుళాల పలక. పైన ఒక బద్ద వరస, కింద ఒక బద్ద వరస, మధ్యలో పలక. జిగురు ఎక్కడా లేదు, పొట్టి అంచుల మధ్యలో మాత్రం ఒక్కో చుక్క. ఆ చుక్క వల్ల పలక మధ్యలో నిలబడి రెండు పక్కలకూ సమానంగా కదులుతుంది, బండి మీద టకటకమనదు. ఎంత సందు వదలాలన్నది నెలను బట్టి ఉంటుంది. మేం చేసింది ముసురు రోజుల్లో. అప్పుడు పలక దాని గరిష్ఠ వెడల్పులో ఉంది, ఇక తగ్గడమే. అందుకని పక్కన అర మిల్లీమీటరు సందే వదిలాం. మే నెలలో చేసి ఉంటే ఒక్కో పక్క మిల్లీమీటరున్నర వదలమనేవాణ్ని.

ఒక పని మాత్రం ముందే చేయాలి. ఆ పలకకు బిగించక ముందే అన్ని అంచులకూ పాలిష్ పట్టాలి. తర్వాత పడితే, ఎండాకాలంలో పలక కుదించుకుని బద్ద కిందనుంచి బయటికి వచ్చినప్పుడు పాలిష్ లేని తెల్లటి చార కనపడుతుంది. అతను లిన్సీడ్ ఆయిల్ వాడాడు. ఆ నూనె గుడ్డను ముద్దచేసి మూలన పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. విప్పి తీగ మీద ఆరేయాలి.

జిగురు పెట్టకుండా ఒకసారి మొత్తం కట్టి విప్పించాను. ఏ పట్టీ ఎక్కడ, ఏది ముందు అన్నది అప్పుడే తెలియాలి. జిగురు పూశాక వెతుక్కుంటే టెన్షన్లో తప్పులు వస్తాయి. కట్టాక ఐమూల కొలతలు, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు, రెండూ చూశాం. ఒక ఐమూల కొంచెం పొడవుగా ఉంది. ఆ పొడవైన మూలల మధ్య పట్టీని ఏటవాలుగా వేసి లాగితే సమానమైంది. రాత్రంతా అలాగే వదిలేశాం.

మూతను విడిగా చేయలేదు. ఆరు వైపులా మూసిన పెట్టె చేసి, పైనుంచి అంగుళంన్నర దగ్గర చుట్టూ గీత పెట్టి, కోసి విడదీశాం. మూతా పెట్టే ఒకే చెక్క కాబట్టి రెండూ కలవక తప్పదు. మూతను కొలిచి చేస్తే కొత్తవాడికి రెండో పెట్టె చేసినంత పని, తప్పులకూ రెట్టింపు చోటు. కోత దారిలో చీల రాకుండా ముందే చోట్లు గుర్తుపెట్టమన్నాను. అయినా ఒకటి దారిలోకి వచ్చింది. వెదురు కాబట్టి రంపం దాన్ని కోసుకుంటూ పోయింది. మేకైతే పళ్లు పోయేవి. పైన చెబుతానన్న కారణం అదే. కోసిన అంచులను ఎమిరీ పేపరు పరిచిన గ్రానైట్ మీద రుద్దితే గీతలు పోయి రెండూ కలిశాయి.

బందులకు ఇత్తడి స్క్రూలు. ఇత్తడి మెత్తన, టేకులో నేరుగా తిప్పితే తల తెగుతుంది. అదే సైజు స్టీలు స్క్రూను ముందు తిప్పి తీసి, ఆ దారిలో ఇత్తడిది పెట్టించాను.

తర్వాత

ఎండలు ముదిరాక పెట్టెను మళ్లీ తెప్పించుకుని చూశాను. మూలలు నాలుగూ కలిసే ఉన్నాయి. మూత పలక రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటరు కుదించుకుంది. బద్ద కిందనుంచి బయటపడిన చార కూడా నూనె రంగులోనే ఉంది, చెప్పేదాకా అతనికి కనపడలేదు. గొళ్లెం మాత్రం ఇనుపది వేశాడు, ఉప్పుగాలికి తుప్పు పట్టింది. అది మార్చాలి.

ఇందులోంచి నేను తీసుకున్నవి

కొత్తవాళ్లకు ఇప్పుడు మొదటి ఆదివారం రంపం ఇవ్వను. వాళ్ల మూలమట్టాన్ని వాళ్లే తిరగేసి చూడాలి. తప్పుంటే దుకాణంలో మార్చుకుని రావాలి. ఇది చిన్న పని, దీనివల్ల మిగిలే చెక్క ఎంతో.

చెడిపోయిన పెట్టెను ఎవరైనా తెస్తే, చేసినతను చెప్పే కారణంకంటే ముందు రెండు విషయాలు అడుగుతాను. ఏ నెలలో చేశారు, ఎక్కడ పెడుతున్నారు. ఏసీ గదిలో ఉండే పెట్టెకూ గుంట పక్క షెడ్డులో ఉండేదానికీ ఒకే సందు చాలదు. ఇతని ఫొటోల అలవాటు నాకు బాగా పనికొచ్చింది. అందరినీ వెడల్పు కొలిచి, తేదీ వేసి, పెట్టె అడుగునే పెన్సిల్‌తో రాయమంటున్నాను.

పనికిరాని మరమ్మతును చేయనివ్వడం ఎప్పుడూ సరైందని అనుకోను. ఇక్కడ చెక్క ఎలాగూ విప్పాల్సిందే, ఖర్చు జిగురు మాత్రమే. అదే ఒక పాత భోషాణమో, ఇంట్లో పెద్దవాళ్ల వస్తువో అయితే మొదటి రోజే ఆపేవాణ్ని.

ప్లైవుడ్ అడుగు విషయంలో తోటి ఆచార్లు కొందరు నాతో ఏకీభవించరు. పలకలను గాడిలో వదులుగా దించితే టేకుతోనే అడుగు వస్తుంది కదా అంటారు. వస్తుంది, నేనూ చేస్తాను. అయితే చేత్తో గాడి తీయడం రానివాడికి ఒకే పెట్టెలో రెండు కదిలే పలకలు పెట్టిస్తే, తేడా వచ్చినప్పుడు ఏది తోసిందో అతనికి తెలియదు. మొదటి పెట్టెలో కదిలేది ఒక్కటే ఉంటే దాన్ని గమనించడం తేలిక.

అతనిప్పుడు ఇరవై అంగుళాల వెడల్పున్న దుప్పట్ల పెట్టె చేస్తానంటున్నాడు, మూత మళ్లీ టేకు పలకలతోనే. ఈసారి లెక్క అతనే వేసుకొచ్చాడు. ఆ వెడల్పుకు కదలిక నాలుగు మిల్లీమీటర్ల పైమాటే. బద్దల కింద పలక కనీసం మూడు నూళ్లు దూరి ఉండాలని, ఎండల్లో చేస్తే రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్లు వదలాలని రాసుకున్నాడు. సందును రెండున్నర చేయమన్నాను. పలకలను అడితిలో ఇంకా కొనలేదు.